టిక్కు తీసినా తగ్గని లెక్క

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో లేదు. విజయనగరంలో డేటాబేస్ కోర్సు అప్పుడే ముగించాను. ఉద్యోగం ఇంకా రాలేదు గానీ గర్వం మాత్రం ముందే వచ్చేసింది. దాన్ని ఎవరిమీద చూపించాలా అని వెతుకుతుంటే మా చిన్నమావ దొరికాడు. మావది పెళ్లివంటల కాంట్రాక్టు. ఎవరు ఏం వండమన్నారో అంతా నోటిమాటే. "ఇదేం పద్ధతి మావా? లాప్‌టాప్‌లో ఫారం చేసిపెడతాను. కావలసిన వంటకం పక్క గడిలో టిక్కు పెడితే చాలు" అన్నాను. "సెయ్యరా అల్లుడూ, సదువుకున్నోడివి" అన్నాడు మావ. (నమ్మి అన్నాడో, ఖాళీగా తిరుగుతున్నానని జాలిపడి అన్నాడో ఇప్పటికీ అడగలేదు.)

మావ చెప్పే ధరకు మిఠాయిలు రెండే. మూడోదానికి టిక్కు పెట్టబోతే ఫారం ఒప్పుకోకూడదు. అందుకని టిక్కు పెట్టినప్పుడల్లా లెక్కకు ఒకటి కలిసేలా రాశాను. రెండు దాటబోతే కీచుమని మోత, ఎర్రటి అక్షరాల్లో "మీ కోటా అయిపోయింది" అని హెచ్చరిక. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని లడ్డూ, కాజా, ఆపైన పూర్ణాలు నొక్కి చూశాను. మోత మోగింది. మురిసిపోయాను.

తొలి బేరం నెల్లిమర్ల నుంచి వచ్చింది. ఆ ఊళ్లో మావ వండబోయే మొదటి పెళ్లి అదే. ఇది కుదిరితే అక్కడ కాలు నిలదొక్కుకోవచ్చని ఆశపడ్డాడు. పెళ్లికూతురి తండ్రి కొత్త వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని మావ ఇంటికి వచ్చాడు. కొత్త చుట్టరికం కదా, ఆయన్ని అడగకుండా ఏదీ తేల్చకూడదు. అడిగాక, ఆయన తొలిసారే సరేననకూడదు. మా ప్రాంతంలో మర్యాద అలాగే నడుస్తుంది.

"లడ్డూ ఎట్టు బాబూ" అన్నాడు పెళ్లికూతురి తండ్రి. పెట్టాను. "లడ్డూ ఎందుకండీ బావగారూ, మాకేటి కొత్తా? తీసెయ్ బాబూ" అన్నాడు వియ్యంకుడు. తీసేశాను. "పోనీ కాజా?" పెట్టాను. "అబ్బే, మీకు శ్రమ. తీయించెయ్యండి." తీసేశాను. ఇంతగా బతిమాలించుకున్నాక ఇక ఒప్పుకుంటే తప్పులేదని కాబోలు, వియ్యంకుడు మెత్తబడి, "సరే, మీరింతలా అంటన్నారు గనక పూర్ణాలు ఎట్టించండి" అన్నాడు.

నొక్కాను. కీచుమంది. ఎర్ర అక్షరాలు వెలిగాయి.

అక్కడైనా నోరు మూసుకోవలసింది. మూసుకుంటే నేనెందుకవుతాను? పంతులుగారిలా గొంతు సవరించుకుని, "రెండుకు మించి కుదరదండీ. మీ కోటా అయిపోయింది" అన్నాను.

వియ్యంకుడు తెరవైపు వంగి చూశాడు. ఒక్క టిక్కూ లేదు. "ఒక్క మిఠాయైనా ఎట్టకుండానే మా కోటా అయిపోనాదేటి బాబూ?" అని నన్ను అడిగి, పెళ్లికూతురి తండ్రివైపు తిరిగాడు. పాపం ఆయన మొహం మాడిపోయింది. మావ గబుక్కున లాప్‌టాప్ మూసేసి, "కుర్రోడికి తెలీదండీ, కూకోండి, నోరు తీపి సేసుకోండి" అంటూ వంటింట్లోంచి పూర్ణాలు తెచ్చాడు. మర్యాదకి చెరొకటి తిన్నారు. "కబురెడతాం" అని వెళ్లారు. ఆ కబురు రానేలేదు.

సాయంత్రానికి తప్పు దొరికింది. టిక్కు పెడితే ఒకటి కలపమన్నాను గానీ, తీసేస్తే ఒకటి తగ్గించమని రాయనేలేదు. అన్నం తినేటప్పుడు అమ్మ వేసే ప్రతి రెండో గరిటెకూ వద్దు వద్దంటూనే పెరిగినవాణ్ణి. వద్దనేవాళ్లు ఉంటారని నాకు తోచకపోవడమేమిటి! "తీసేసినవి కూడా లెక్కలో ఉండిపోయాయి మావా" అన్నాను తల దించుకుని. తిడితే బాగుండేది. "పోన్లే, అన్నం తిను" అన్నాడు.

ఇప్పుడు నా పని అలాంటి ఫారాలు చేయడమే. ఎవరికి చేసినా ముందు టిక్కు పెట్టి, తీసి, లెక్క తగ్గిందో లేదో చూసుకుంటాను. పోయిన వేసవిలో నా పెళ్లికి మావే వండాడు. విందులో నా ఆకు దగ్గరకు తనే పూర్ణాల పళ్లెంతో వచ్చాడు. ఒకటి వేశాడు. రెండోది వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు మావా" అన్నాను. పక్కన కొత్త మావగారు వింటుండగానే నా చెయ్యి పక్కకు నెట్టి వేసేశాడు.

"వద్దన్నది లెక్కెట్టకూడదురా అల్లుడూ!"

మావగారు ఏమీ అర్థంకాకపోయినా నవ్వారు. నేను సిగ్గుతో ఆకులోకి తలదించుకుని, ఆ రెండో పూర్ణం కూడా తినేశాను.