అన్నను రానీయొద్దన్నది నేనే

ఈ బరువు మోస్తూ ముసలిదాన్నవుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరోజూ రాలేదు.

మా అన్న ఒక కొట్లాటలో మనిషిని చంపాడు. యావజ్జీవ శిక్ష పడింది. వదిన అంతకుముందే కాన్పులో పోయింది. పిల్లలు పుట్టలేదని మొగుడు వదిలేస్తే పుట్టింటికి చేరినదాన్ని నేను. అన్న కూతుర్ని నేనే పెంచాను. అది నన్ను ‘అమ్మా’ అంది. కాదనలేదు.

తర్వాత కల్వకుర్తి దగ్గర మా ఊళ్లో అమ్మ మంచం పట్టింది. ఆమెను చూడాలని అన్న పెరోల్ అడిగాడు. బుద్ధిగా ఉన్నాడని జైలువాళ్లే రాశారట. ఇక ఊరి మాట తెలుసుకోవడానికి ఒక కానిస్టేబుల్ మా ఇంటికొచ్చాడు.

“మీ అన్న వస్తే ఊర్ల ఏమన్న లొల్లి అయితదా అమ్మా?”

పాప నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

“అయితది సార్. సచ్చినోని అన్నదమ్ములు ఊకోరు. పంపకుండ్రి.”

వాళ్లు ఎప్పుడో ఊరొదిలి హైదరాబాద్ పోయారు. ఆయన ఇంకెవర్నీ అడగలేదు.

“ఎవరొచ్చిన్రు బిడ్డా? పెద్దోడా?” అని లోపల్నుంచి అమ్మ.

“ఎవ్వరు రాలేదే.”

ప్రాణం పోయేదాకా బస్సు హారన్ వినపడితే చాలు, అమ్మ తల ఎత్తేది.

దేనికి భయపడ్డాను? పాపను తీసుకుపోతాడనా? పెరోల్ మీద వచ్చినవాడు తిరిగి జైలుకే కదా పోవాలి! ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆ కొద్దిరోజులు కూడా దాన్ని పంచుకోలేకపోయాను. ఒక మనిషి ఇంటికి రావడం గడప దగ్గర ఒక్కరు చెప్పే మాట మీద ఆగిపోవడమేమిటి, నలుగురినీ అడగొద్దా, నిజమో కాదో చూడొద్దా అని ఇప్పుడు అనిపిస్తుంది. అనిపించిన వెంటనే, నా తప్పును ఆ కానిస్టేబుల్ మీదికి తోస్తున్నానని నా మీద నాకే రోత పుడుతుంది.

అన్న మళ్లీ పెరోల్ అడగలేదు. విడుదలయ్యాక ఊరికీ రాలేదు. హుజూర్‌నగర్‌లో రైసుమిల్లులో ఉన్నాడని తెలిసి వెళ్లాను. తలంతా తవుడు.

“ఊరే నన్ను వద్దన్నదంట చెల్లె. ఏ మొఖం పెట్టుకొని రావాలె? నువ్వే లేకుంటె నా బిడ్డ ఏమయ్యేదో. నీ కాళ్లు మొక్కుత,” అని వంగాడు.

వెనక్కి జరిగాను. అప్పుడైనా చెప్పాల్సింది. అతను తెప్పించిన చాయ్ తాగి బస్సెక్కాను.

పాప ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ చదువుతోంది. తండ్రి మాటెత్తితే మొహం తిప్పుకుంటుంది. ఆయన ఒక్కసారైనా రావాలనుకోలేదని దాని కోపం.

ఊరు వద్దనలేదు. నేను అన్నాను. ఈ ముక్క మొదటిసారి నా నోటి నుంచి బయటికి వచ్చింది. క్షమించమని అడగను. కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.