మన పాప

సత్యవేడు బస్టాండు పక్క సందులో మునిచంద్ర షాపు ఏడాదిలో సగం రోజులు మూసే ఉంటుంది. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడంలో అతని చేతికి మంచి పేరుంది. అయినా రైతులు మోటారు తెచ్చి షట్టరు ముందు దించి, కాసేపు ఎదురుచూసి, వేరే షాపుకు మోసుకుపోతుంటారు. ఆ సమయానికి అతను ఎవరి తరఫునో ఏ తాసిల్దారు ఆఫీసు వరండాలోనో, ఏ పోలీస్ స్టేషన్ ముందో నిలబడి ఉంటాడు.

"మోటార్లు సుట్టేది మానేసి లీడరు సుట్టూ తిరగతా ఉండావే, ఏమొస్తాదప్పా దాంట్లో?" అంటాడు ఎదురు టీకొట్టు కుప్పుస్వామి.

"వార్డు మెంబరు సీటొస్తాది."

"వచ్చినాక?"

"నువ్వు లేసి నిలబడి టీ ఇస్తావు."

"ఇప్పుడూ నిలబడే ఇస్తా ఉండా కదప్పా. కూర్చుని టీ కాచేదెట్లా?"

ఇద్దరూ నవ్వుకుంటారు. ఊళ్ళో అందరూ అతను పదవి కోసమే తిరుగుతున్నాడనుకుంటారు. అతనూ కాదనడు. అసలు సంగతి భార్య అమలకు మాత్రమే తెలుసు.

కొన్నేళ్ళ కిందట వాళ్ళ మొదటి బిడ్డ, మూడేళ్ళ పిల్లవాడు, జ్వరంతో తిరుపతిలో ఒక ఆసుపత్రి వరండాలో బల్ల మీద పడుకుని ఉన్నాడు. లోపల మంచం లేదన్నారు. మునిచంద్ర నమ్మాడు. లేదంటే లేదనే అర్థమని అప్పటిదాకా అతని నమ్మకం. అంతలో తెల్లచొక్కా మనిషి ఒకడు వచ్చి ఫోనులో, "మన బాబేనన్నా, ఒక మాట చెప్పు," అన్నాడు. కాసేపటికే పక్క బల్ల మీది పిల్లవాడికి లోపల మంచం దొరికింది. మధ్యాహ్నానికి మునిచంద్ర కొడుకు పోయాడు.

అతను డాక్టర్లను తిట్టలేదు. "ఆ మాట చెప్పేటోడు నాకు ల్యాకపోయినాడు అమలా," అన్నాడు, అంతే. కర్మకాండ అయిన వారానికి పార్టీ జెండా కట్టడానికి నిచ్చెన ఎక్కాడు.

జెండాలు కట్టగా కట్టగా నాయకుడి పీఏ అతని ఫోను ఎత్తడం మొదలుపెట్టాడు. ఎలా అడగాలో కూడా మునిచంద్ర నేర్చుకున్నాడు. ఎవరి కోసం అడిగినా ముందు "మన" అనాలి. పింఛను ఆగిపోయిన ముసలామె మన అవ్వ. పులికాట్ సరస్సు ఒడ్డున వలలు పోగొట్టుకుని వచ్చినవాడు మనోడు. ఆ ఒక్క మాటకు ఫైళ్ళు కదిలేవి. అది విన్నప్పుడల్లా అమలకు ఆ తెల్లచొక్కా గుర్తొచ్చేది. 

ఈ వానాకాలం వాళ్ళ రెండో బిడ్డ లోహితకు డెంగీ వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. మూడు రోజులు ఒళ్ళు కాలిపోయి, నాలుగోనాడు చల్లబడింది. అమల ఊపిరి పీల్చుకుంది. రక్తపరీక్ష చూసిన డాక్టరు మాత్రం, "ఈ జ్వరంలో ఒళ్ళు చల్లబడినాకే భయం. తిరుపతికి తీసకపోండి," అన్నాడు.

కారులో పాప కడుపునొప్పి అని మూలుగుతోంది. పాదాలు చల్లబడుతుంటే అమల వాటిని ఒడిలో పెట్టుకుని రుద్దుతోంది. ముందు సీట్లోంచి మునిచంద్ర పీఏకి ఫోన్ చేశాడు.

"సార్, మునిచంద్రని. మన పాపకి డెంగీ. పిల్లల వార్డులో ఒక మంచానికి మాట చెప్పాల."

"పొద్దున్నే చెప్పినా కదప్పా మన పాపకి. ఇచ్చినారంట గూడా."

మునిచంద్రకు అర్థం కావడానికి క్షణం పట్టింది. చర్చి వీధి సంతోషమ్మ, చెరుకు కోతకు పోయే మనిషి, జ్వరంతో ఉన్న కూతుర్ని తీసుకుని తెల్లవారే తిరుపతి వెళ్ళింది. ఆ బిడ్డకు మంచం అడిగింది తనే. అప్పటికి లోహిత ఒళ్ళు చల్లబడి అందరూ నిమ్మళంగా ఉన్నారు.

"అది వేరే పాప సార్. ఇది మన... మా పాప."

"నీకెంతమంది పాపలుండారబ్బా?" పీఏ నవ్వాడు. "సూడు, నీ పేరు మీద ఒక మంచం ఇప్పించినా. ఇంకోటి అడిగితే నాకు మర్యాదుండదు. ఆ మంచం ఏ పాపకో నువ్వే చెప్పు. ఆసుపత్రోళ్ళకి నేను చెప్తా."

వెనక సీట్లో మూలుగు ఆగిపోయింది. అమల చేతులు ఆగిపోయాయి.

"నా పాపకి సార్," అన్నాడు మునిచంద్ర.

వాళ్ళు చేరేసరికి మంచం సిద్ధంగా ఉంది. కొత్త దుప్పటి పరిచారు. లోహితకు సూది ఎక్కింది. మందుల చీటీ పట్టుకుని అతను వరండాలోకి వచ్చాడు. అక్కడ బల్ల మీద సంతోషమ్మ కూతురు పడుకుని ఉంది. సెలైన్ సీసా కిటికీ చువ్వకు వేలాడుతోంది.

సంతోషమ్మ అతణ్ణి చూసి గబుక్కున లేచింది. "అన్నా, నా కోసరం ఇంత దూరం వచ్చినావా?"

అతను మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పొద్దున మంచమిచ్చినారన్నా. ఇప్పుడు దించేసినారు. ఎవురో పెద్దోళ్ళ బిడ్డంట. మా అన్న వస్తాడు సూడండి అని ఆ నర్సమ్మకు చెప్పినా. ఒక మాట చెప్పన్నా."

"మాట్లాడతా," అన్నాడు.

వరండా చివరికి నడిచి నెంబరు నొక్కాడు. పీఏ ఎత్తాడు.

"సార్, మన పాప..."

"మళ్ళీనా?" అని పెట్టేశాడు పీఏ.

మునిచంద్ర ఫోను చెవి దగ్గరనుంచి తియ్యలేదు. సంతోషమ్మ ఇటే చూస్తోంది. అతను ఎవరో చెబుతున్నది వింటున్నట్టు తల ఊపాడు. ఆమె బిడ్డ మీదికి వంగి నుదురు నిమిరింది.

"మామ మాట్లాడతా ఉండాడు సూడు," అంది. "ఇంకేం భయం ల్యా."

పిల్ల కళ్ళు తెరవలేదు. అతను ఇంకోసారి తల ఊపాడు.