కెప్టెన్‌కు కిరాయి గది

1988 జూలైలో నన్ను నిజామాబాద్ నుంచి బోధన్‌లోని ఒక డిగ్రీ కళాశాలకు ఇంగ్లీషు లెక్చరర్‌గా బదిలీ చేశారు. చేరిన వారంలోనే నాకు తగిలిన పని నవల ఎంపిక. రెండో సంవత్సరం ఇంగ్లీషు పేపరుకు పాఠ్యపుస్తకంతో పాటు ఒక నవల కూడా ఉండేది. దాన్ని నాన్‌-డిటేల్డ్ అనేవాళ్లం. వాక్యం వాక్యం విడదీసి చెప్పనక్కర్లేదు, కథ తెలిస్తే చాలు. విశ్వవిద్యాలయం రెండు నవలల పేర్లు పంపేది. ఏది చెప్పాలన్నది కాలేజీ ఇష్టం.

మా శాఖాధిపతి రంగారావు గారు ఆ ఇష్టాన్ని ఏళ్ల తరబడి ఒకే నవలకు అంకితం చేశారు. దానికి బజారులో గైడు దొరికేది మరి. ఆయన గైడు చూసి చెప్పేవారు, పిల్లలు గైడు చూసి బట్టీ పట్టేవారు, పేపర్లు దిద్దేవారు కూడా గైడు పక్కన పెట్టుకునే దిద్దేవారని నా అనుమానం. అసలు నవల మాత్రం లైబ్రరీ బీరువాలో కొత్త వాసన పోకుండా క్షేమంగా ఉండేది.

నేను రెండో నవల కావాలన్నాను. దానికి గైడు లేదు. రంగారావు గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“గైడు లేకుంటె మన పోరగాండ్లు ఏం జదువుతరయ్యా? రిజల్టు పడిపోతె ప్రిన్సిపాల్ ముంగట నేను నిలబడ. నువ్వే నిలబడాలె” అన్నారు.

సరేనన్నాను. ఎవరి ముందైనా నిలబడగలననుకునే వయసు అది.

నవల కథ పెద్దదేమీ కాదు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో, తండ్రి పోయాక, ఒక అమ్మాయి ఒంటరిగా లాడ్జి నడుపుకుంటూ ఉంటుంది. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చిన ఓడ కెప్టెన్ వెళ్లిపోయి, ఏళ్ల తరబడి ఒక్క జాబు కూడా రాయడు. తల నెరిశాక తిరిగి వచ్చి, లాడ్జి అమ్మేసి తనతో రమ్మంటాడు. చివరి అధ్యాయంలో ఆమె కళ్ల నీళ్లతో అతణ్ణి క్షమించి, లాడ్జి అమ్మేసి, వెంట నడుస్తుంది. ఆ ముగింపు నాకు ఎంతో గొప్పగా తోచింది. అప్పటికి నాకు పెళ్లి కాలేదు.

నవల చెప్పడంలో నాదొక పద్ధతి. అధ్యాయం చివరి పేజీ మిగిల్చి గంట కొట్టించుకునేవాణ్ణి. చలికాలం వచ్చి చక్కెర ఫ్యాక్టరీ క్రషింగ్ మొదలయ్యాక క్లాసు పలచబడింది. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రాగానే రైతుల కొడుకులంతా చెరకు కొట్టించడానికి మాయమయ్యేవారు. నా శ్రోతలు ఎక్కువగా ఆడపిల్లలే. వాళ్లలో పద్మ ఒకతి.

పద్మ అంతకు ముందు ఏడు ఇంగ్లీషు తప్పింది. వాళ్లది బీడీలు చేసే కుటుంబం. “ఈపారి గూడ తప్పితె చదువు బంద్. బీడీల చాట ముంగటేసుకొని కూసో” అని తల్లి నర్సవ్వ తేల్చి చెప్పేసింది. పద్మ ఈ మాట నాతో నవ్వుతూనే అన్నది గానీ, టీచరు కావాలని ఆమెకెంత ఆశో క్లాసంతటికీ తెలుసు.

ఒకనాడు వరండాలో నన్ను ఆపింది.

“సార్, మిగిలిన పేజీ ఇయ్యాల్నే చెప్పుండ్రి. మా వాడకట్టోళ్లు నన్ను కూసుండనిస్తలేరు.”

విషయమేమిటంటే, సాయంత్రం పూట ఆడవాళ్లంతా ఒక్కచోట చేరి తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ ఉంటే, ఈ పిల్ల నా నవలను వాళ్లకు తెలుగులో చెబుతోంది. నా సంబరం అంతా ఇంతా కాదు. రంగారావు గారికి చెబితే, “వాళ్లకు పరీక్ష లేదు గదా” అన్నారు.

ఫిబ్రవరిలో ప్రీ-ఫైనల్ పరీక్ష పెట్టాను. నవల ముగింపు గురించి రాయమన్నాను. క్లాసులో అందరికంటే చక్కని ఇంగ్లీషు పద్మదే. కానీ ఆమె జవాబులో కెప్టెన్‌కు క్షమాపణ దొరకలేదు. మేడ మీద గది దొరికింది, అదీ కిరాయికి. అడ్వాన్సు కూడా కట్టాడు. హీరోయిన్ లాడ్జి అమ్మలేదు సరికదా, పొద్దు గూకాక తలుపు గొళ్లెం పెడతానని అతనికి ముందే చెప్పింది.

పద్మను పిలిచి అడిగాను.

“బుక్కుల గట్ల లేదని ఎరుకే సార్. మా వాళ్లు ఒప్పుకోలె. వాళ్లు చెప్పుమన్నట్టు చెప్పిన. చెప్పంగ చెప్పంగ అదే నోటికొచ్చింది. ఇప్పుడు బుక్కు తెరిస్తె, ఆ బుక్కే తప్పనిపిస్తది.”

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. విశ్వవిద్యాలయం పరీక్ష పేపర్లు దిద్దేది నేను కాదు. ఎక్కడో స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్న మనిషి ఈ గదినీ అడ్వాన్సునూ చూస్తే సున్నా చుట్టి పక్కన పడేస్తాడు. పద్మ చాట ముందు కూర్చోవాల్సిందే.

ఆదివారం వాళ్ల వాడకట్టుకు వెళ్లాను. నర్సవ్వ పద్మ చేత కుర్చీ వేయించింది. మిగతా వాళ్లు చేతులు ఆపకుండానే నన్ను ఎగాదిగా చూశారు.

“సారూ, గట్లెట్ల రాస్తివి?” అన్నదొక పెద్దామె.

రాసింది నేను కాదని, ఒక తెల్లదొర అని చెప్పాను.

“అయితె ఆయనకు జెప్పుండ్రి.”

“ఆయన చనిపోయి చాలా ఏళ్లయిందమ్మా.”

“మరింక మార్చితె ఎవలు కాదంటరు?”

అందరూ నవ్వారు. నర్సవ్వ మాత్రం నవ్వలేదు. పద్మ తండ్రి దుబాయి పోయి ఏళ్లవుతోందనీ, జాబు రాసి కూడా ఏళ్లవుతోందనీ ఆమె మాటల్లోనే తెలిసింది.

“కండ్ల నీళ్లు పెట్టుకొని ఎంబడి పోతదా? ఇల్లు ఆమె నడిపింది. నడిపినామెకే ఉండాలె” అన్నది.

నా గొప్ప ముగింపు మీద నాకున్న నమ్మకం అక్కడే సగం చచ్చింది. నాకు చాలా సిగ్గనిపించింది. అయినా పరీక్ష సంగతి చెప్పక తప్పలేదు. పద్మ రాయాల్సింది దొర కథేననీ, లేకపోతే తప్పుతుందనీ చెప్పాను. నర్సవ్వ చేతిలోని ఆకు చాటలో పెట్టింది.

“బిడ్డా, పరీక్ష దాంక దొర చెప్పినట్టే చెప్పు. మేం ఇంటం” అన్నది కూతురితో.

అన్నట్టే విన్నారు. రోజూ సాయంత్రం పద్మ అసలు ముగింపు చెప్పడం, వాళ్లు మూతులు ముడుచుకుని వినడం. చెప్పేటప్పుడు తిట్లు కూడా పడుతున్నాయని పద్మ అన్నది. తిట్లు కెప్టెన్‌కే కాబట్టి నేనేమీ అభ్యంతరపెట్టలేదు.

ఎండాకాలంలో ఫలితాలొచ్చాయి. పద్మ ఇంగ్లీషు పాసయింది. కాలేజీ ఫలితం కూడా పడిపోలేదు, నేను ఎవరి ముందూ నిలబడలేదు. బజారులో కనిపించిన నర్సవ్వతో, చదువు సాగనివ్వమని చెప్పబోయాను.

“బీఈడీ గూడ చదివిపిస్త తియ్యి సారూ” అని, వెళ్లబోతూ ఆగింది. “గా కెప్టెన్‌ను మల్ల కిరాయికి పెట్టినం.”

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా నవల ఎంచే పని నాకే పడింది. నేను చూసింది ఒక్కటే, చదివినవాళ్లు ఇది కాదని రాసినవాడితో కొట్లాడే చోటు అందులో ఉందా అని. అలాంటిదైతే పిల్లలు చదివారు, లేదంటే నేనెంత మెచ్చుకున్నా చదవలేదు. గైడు దొరుకుతుందా లేదా అన్నది, కాలేజీలో ఉన్నన్నాళ్లూ, రంగారావు గారు చూసుకునేవారు.