చెరువు అందుకున్న బిళ్ల

దయ్యాల సంగతి ఎత్తితే నాకు మొదటి నుంచీ చిరాకు. మణికొండలో మా ఫ్లాటు గుమ్మానికి వేలాడే దిష్టి గుమ్మడికాయ కూడా మా అత్తగారి పోరు పడలేక కట్టిందే. నేను నీళ్లను పరీక్షించే ఉద్యోగం చేస్తాను. కళ్లారా చూసినదాన్ని కూడా కొలిస్తే తప్ప నమ్మొద్దని మాకు మొదటి రోజే నేర్పుతారు. అలాంటి మనిషి రాస్తున్న సంగతి ఇదని గుర్తుపెట్టుకుని చదవండి.

చెరువు పేరు రాయను. రాస్తే ఆదివారం పొద్దున్నే ఫోన్లు పట్టుకుని జనం దిగిపోతారు. నార్సింగి నుంచి ఐటీ ఆఫీసుల వైపు వచ్చే దారిలో, అద్దాల టవర్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒకప్పుడు చేపలు పట్టిన చెరువు. నేను వెళ్లేసరికి అపార్ట్‌మెంట్ల మురుగంతా అందులోకే చేరేది. సగం గుర్రపుడెక్క, సగం పచ్చటి చిక్కటి నీళ్లు. గాలి వీస్తే సబ్బు నురగ రోడ్డు మీదికి ఎగిరి వచ్చి బైకుల వాళ్ల హెల్మెట్లకు అంటుకునేది.

దాన్ని బాగుచేస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. ముందు మురుగు కాలవలను మళ్లించారు. ఆ తర్వాత మిగిలిన ప్రశ్న ఒక్కటే. మురుగు ఆగాక ఈ చెరువుకి సొంత నీరు ఉందా? అడుగున ఊట ఉంటే చెరువును చెరువుగానే బతికించవచ్చు. లేకపోతే మొత్తం ఎండగట్టి, అడుగున మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, శుద్ధి చేసిన నీళ్లు నింపి, చుట్టూ రంగుల లైట్లు పెడతారు. ఫొటోల్లో బాగానే ఉంటుంది. కానీ షీటు మీద తుంగ మొలవదు, తామర వేళ్లూనదు, చేప గుడ్లు పెట్టదు. నా లెక్కలో అది చెరువు కాదు, పెద్ద టబ్బు.

ఊట ఉందో లేదో తేల్చమని మా సంస్థకు అప్పగించారు. ఆ పని నా నెత్తిన పడింది. ఎక్కడ వెతికినా ఊట జాడ లేదు. గడువు దగ్గరపడుతోంది. నా చేత్తోనే ఆ చెరువుకి షీటు కప్పిస్తున్నానన్న బాధతో అన్నం సయించేది కాదు.

పడవ నడిపేది నర్సింహ. సొంతూరు నార్సింగే. వాళ్ల నాన్న ఇదే చెరువులో వలలు వేసేవాడట. నర్సింహ ఆటో నడుపుకుంటాడు. మాకు పని ఉన్న పొద్దుట మాత్రం పడవ గడ పట్టుకుంటాడు.

"షీటు ఏసినంక చేపలు ప్లాస్టిక్ మీద పండుకుంటయా మేడం?" అని నన్ను ఉడికించేవాడు. నవ్వుతూనే అడిగేవాడు గానీ, జవాబు కోసం నా ముఖంలోకి చూసేవాడు.

మా పనిలో ఒక పాత పద్ధతి ఉంది. పళ్లెమంత గుండ్రటి ఇనుప బిళ్లను నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేస్తారు. తాడుకి తగిలించి నీళ్లలోకి దించుతూ పోవాలి. అది కంటికి కనబడకుండా పోయేచోట ఆపి, ఎంత తాడు దిగిందో చూడాలి. ఆ నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో అది చెబుతుంది. మా చెరువులో బిళ్ల జానెడు దిగేలోపే మాయమయ్యేది.

ఎవరి బిళ్ల వాళ్లు చేసుకోవడం మా ఆఫీసులో అలవాటు. నా బిళ్లకు వేసిన తెలుపు మా బాల్కనీ తలుపుకి వేయగా మిగిలిన పెయింటు. ఎవరూ కొట్టేయకుండా వెనకవైపు మెరూన్ రంగు నెయిల్ పాలిష్‌తో 'సుధ' అని రాసుకున్నాను. ఆ సీసా ఆ ఏడాది దసరాకి కొన్నదే.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. చెరువుకి వెళ్లేటప్పుడు ల్యాబులోనే స్వచ్ఛమైన నీళ్లు పోసి సీలు వేసిన సీసా ఒకటి వెంట తీసుకెళతాం. దాన్ని మూత తీయకుండానే వెనక్కి తెస్తాం. బ్లాంక్ అంటాం. అందులో మలినం కనిపిస్తే తప్పు చెరువుది కాదు, మాది అని అర్థం.

అది చలికాలం. తెల్లవారింది గానీ మంచు విడలేదు. టవర్ల పైఅంతస్తులు మాత్రం ఆకాశంలో తేలుతున్నట్టు కనిపిస్తున్నాయి. అవుటర్ రింగ్ రోడ్డు మోత రోజూ చెవులు హోరెత్తించేది, ఆ పొద్దుట ఎక్కడో పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నంత దూరంగా ఉంది. నడిచెరువు దాటాక నర్సింహ గడను బురదలోకి దిగ్గొట్టి పడవను ఆపాడు. నేను బిళ్లను వదిలాను.

జానెడు దిగింది. కనిపిస్తూనే ఉంది. మూరెడు దిగింది. ఇంకా కనిపిస్తోంది. నేను వదులుతూనే ఉన్నాను. పడవ చుట్టూ ఎప్పటి పచ్చనీళ్లే. బిళ్ల దిగుతున్న చోట మాత్రం నీళ్లు ఉన్నాయో లేవో తెలియనంత తేటగా ఉన్నాయి. నాలుగు వైపులా రాతి వరసలు కిందికి పోతున్నాయి. ఒక వరసలో దీపం పెట్టేంత చిన్న గూడు. దాని ముందు నుంచి గోరంత చేపపిల్లలు గుంపుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగాయి. వెలుతురు పైనుంచి కాక కిందినుంచి వస్తున్నట్టుంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. కలలో ఏది కనబడినా మామూలుగానే తోస్తుంది చూడండి, అచ్చం అలాగే ఉంది. ఎంతో హాయిగా ఉంది. ఆ హాయి ఈ రోజుకీ నాకు గుర్తు.

ఒక సీసా ముంచి ఆ నీళ్లు పట్టుకున్నాను. అలవాటు కొద్దీ చేతులు వాటి పని అవి చేశాయి.

తాడు చివరికి వచ్చింది. ఎంతో లోతున బిళ్ల మెల్లగా ఒక చుట్టు తిరిగింది, ఎవరో చేతిలోకి తీసుకుని వెనకా ముందూ చూసినట్టు. తర్వాత తాడుని నెమ్మదిగా లాగారు. నేను భయపడలేదు. బరువు సంచీతో మెట్లెక్కుతుంటే ఎవరైనా 'ఇలా ఇవ్వు' అని అందుకుంటే ఎలా వదిలేస్తామో, అలా పట్టు వదులు చేశాను.

"ఏంది మేడం, గంత తాడు ఇడుస్తున్నరు? నా గడ ఈడనే అడుగుకు తాకింది," అన్నాడు నర్సింహ.

తల ఎత్తి చూశాను. అతని గడ నీళ్లలో ఛాతీ లోతు కూడా దిగలేదు. మళ్లీ కిందికి చూస్తే పచ్చనీళ్లు, నురగ.

"గా నీళ్లల్ల ఏం గనవడ్డదని గట్ల నవ్వుతున్నరు?" అని అడిగాడు. నేను నవ్వుతున్నట్టు నాకే తెలియదు.

తాడు పైకి లాగాను. చివరి ముడి దాకా తడిసి ఉంది. బిళ్ల లేదు. బిళ్లను తగిలించే ఇనుప కొక్కెం మాత్రం ఎలా బిగించానో అలాగే మూసి ఉంది. నర్సింహ దాన్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూశాడు.

ల్యాబు నుంచి మర్నాడు ఫోన్ వచ్చింది. "మేడం, ఈసారి రెండు బ్లాంకులు పంపారేంటి?" అని నవ్వుతోంది అక్కడి అమ్మాయి. నేను పట్టుకొచ్చిన సీసా అంత శుభ్రంగా ఉందన్నమాట. బ్లాంక్ సీలు తీయకుండా పక్కనే ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నాను. తేట ఊటల్లో తప్ప బతకని నాచు కణాలు అందులో కనిపించాయి. ల్యాబులో పోసిన నీళ్లలో అవి ఉండే వీల్లేదు. మా చెరువులో అసలే ఉండే వీల్లేదు.

మా ఆఫీసులో పెద్దాయన ప్రసాద్ గారు కాకినాడ మనిషి. మాట మెత్తన, పని గట్టి. ఆయనకు దాచకుండా అంతా చెప్పాను.

"మళ్లీ కొలిస్తే రాని కొలత, కొలత కాదమ్మా. రిపోర్టులో ఏమని రాస్తాం, కల వచ్చిందనా?" అన్నారు.

నిజమే. ఆ తర్వాత ఎన్ని పొద్దుటలు వెళ్లానో. అదే చోటు, అదే మంచు, కొత్త బిళ్ల. జానెడు దిగడం, మాయమవడం. చివరికి సిగ్గు విడిచి ఆయన్ని ఒక్కటే అడిగాను. షీటు పరిచే ముందు ఎలాగూ చెరువు ఎండగడతారు కదా, ఆ చోట ఒక్కసారి తవ్వించండి అని. ఆయన "అడుగుతానండి" అన్నారు. నన్ను అండీ అనడం అదే మొదలు, అదే ఆఖరు.

ఎండాకాలం చెరువు ఎండగట్టారు. కట్ట మీద షీటు చుట్టలు వరసగా పేర్చి సిద్ధంగా ఉంచారు. నేను చూపించిన చోట జేసీబీ బురద తీస్తుంటే రాయి తగిలింది. రాతి వరస. చదరపు బావి నోరు.

"తాతల కాలం సంది ఈడనే ఉన్నం మేడం, గీడ బాయున్నదని మా ఇంట్ల ఎవ్వలూ ఎన్నడు అనలే," అన్నాడు నర్సింహ. అంచు దాకా కూరుకుపోయి ఉంది. పైన బురద, దాని కింద విరిగిన పెంకులు, ఇటుకలు, రాళ్లలా గట్టిపడిన మట్టి, అందులో గోలీసోడా సీసాలు. మనుషులు దిగి రోజుల తరబడి తోడారు. ఒక వరసలో చిన్న గూడు బయటపడినప్పుడు నేనూ కిందికి దిగి దాన్ని చేత్తో తడిమాను. ఆ పొద్దుట నీళ్లలో చూసిన గూడే.

ఇంకా కిందికి పోయాక నీళ్లు ఊరాయి. మోటారు పెట్టి తోడినా ఆగలేదు. చల్లటి, తేట నీళ్లు. ప్రసాద్ గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బురదలో నిలబడి ఆ నీళ్లు దోసిలిలో పట్టుకున్నారు. షీటు చుట్టల్ని ఆ వారమే లారీ ఎక్కించారు. నర్సింహ లారీ వెనకాల కొంతదూరం ఆటోలో హారన్ కొడుతూ వెళ్లాడు.

బావి అట్టడుగున ఉన్న ఒండ్రు ఆఖరున తీశారు. దాంట్లో నా బిళ్ల దొరికింది. ఆ పెంకులన్నిటికీ కింద, ఆ సోడా సీసాలన్నిటికీ కింద.

ఏళ్ల తరబడి బోరునీళ్లు కాచిన గిన్నెకు పట్టినట్టు దాని మీద సున్నపు పొర పట్టి ఉంది. గోరుతో గీకాను. పొర కింద మెరూన్ రంగులో నా పేరు.

ఆ పొరను పరీక్షించాం. ఆ బావి నీళ్లలో ఉన్న సున్నమే. అంత మందం పేరుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందని ప్రసాద్ గారిని అడిగాను. "ఆ లెక్క నన్ను వేయమనకమ్మా," అన్నారు. నేనూ వేయలేదు. బిళ్ల నా టేబులు సొరుగులో ఉంది. చూసినప్పుడల్లా ఏదో ఒక వివరణ వెతుకుతాను, ఏదీ నిలవదు.

చెరువు ఇప్పుడు నిండుగా ఉంది. నర్సింహ మళ్లీ వల కొన్నాడు. నేను నెలనెలా వెళ్లి నీళ్లు కొలుస్తూనే ఉన్నాను. బావి ఉన్న చోటికి వచ్చినప్పుడు మాత్రం తాడు గట్టిగా పట్టుకోను.