పాత బైబిల్లో కొత్త కాగితాలు

బైండరు తను కుట్టే పుస్తకాలు చదవడు. చదువు రాక కాదు, చదవడం మొదలుపెడితే చేతిలో సూది ఆగిపోతుందని. ఏ పుస్తకమైనా అతనికి మడతలూ కుట్టూ జిగురూ అంతే.

"ఇన్ని పుస్తకాలు ముట్టుకుంటావు, ఒక్కటైనా అంటదేంట్రా నీకు?" అని అక్క దెప్పుతుంది.

"అంటితే కడుక్కుంటాను కదక్కా" అంటాడు.

ఆ అక్క బైబిలే వెన్ను విరిగి అతని దగ్గరికి వచ్చింది. యోహాను సువార్త నడుమ కొన్ని కాగితాలు నలిగి, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. అక్కడే ఎందుకు అరిగిందో అతనికి తెలుసు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని కొట్టబోయినవాళ్లు రాళ్లు వదిలేసి ఒక్కొక్కరే వెళ్లిపోయాక, యేసు 'నేనూ నిన్ను శిక్షించను' అని ఆమెను పంపేసిన కథ అక్కడుంది. అక్క కూతురు మొగుణ్ణి వదిలి, పెళ్లయిన ఇంకొకడితో వెళ్లింది. అక్కడా నిలవలేదు. ఇంటికి వస్తానని ఫోను చేస్తే అక్క మాట్లాడకుండా పెట్టేసింది. తర్వాత ఆ పేజీలే తిప్పి తిప్పి చదివి, చివరికి "రమ్మను" అని తమ్ముడైన ఇతనితోనే చెప్పించింది. పిల్ల ఆదివారం సాయంత్రం బస్సు దిగుతుంది.

చిరిగిన కాగితాల స్థానంలో బైండరు షాపులో మూల పడున్న ఇంకో బైబిలు నుంచి ఆ భాగం విప్పి కుట్టాడు. సైజు సరిపోయింది. కలిసేచోట అంకెలు చూసి, రెండుసార్లు వచ్చిన వాక్యాల మీద తెల్లకాగితం అతికించాడు. ఆ రెండో బైబిలు కొత్త అనువాదమని చూసుకోలేదు.

శనివారం మధ్యాహ్నం అక్క షాపుకొచ్చి, కటింగు బల్ల మీద బైబిలు తెరిచి వేలు పెట్టింది. ఆ కథకు అటూ ఇటూ బ్రాకెట్లున్నాయి. అడుగున చిన్న అక్షరాల్లో, ఈ భాగం మిక్కిలి పాత ప్రతుల్లో లేదని ఉంది.

"ఏంట్రా ఇది?"

"కాగితం గట్టిదని వేశానక్కా."

"కాగితం సంగతి ఎవడడిగాడు? నా దాంట్లో ఈ మాట లేదు."

"పాతవి పారెయ్యలేదు. మళ్లీ అవే కుట్టేస్తా."

"కుడితే నేను చదివింది పోతుందా? దేవుడన్నాడని దాన్ని రమ్మన్నాను. ఆయన అనలేదంటే, ఎవడి మాట మీద రమ్మన్నట్టు?"

బైండరు బైబిలు మూసి చంకన పెట్టుకున్నాడు. షట్టరు సగం దించి, ఆమెతో పాస్టరు గారింటికి నడిచాడు.

పాస్టరు విన్నాడు. కళ్లజోడు పెట్టుకుని చిన్న అక్షరాలు చదివాడు.

"దేవుడు ప్రేరేపించింది మొదట రాసినవాళ్లనమ్మా. వాళ్ల చేతిరాత ఇప్పుడెక్కడా లేదు. ఉన్నవి ప్రతులు, వాటికి ప్రతులు, వాటినుంచి అనువాదాలు. మూలానికి ఎంత దగ్గరగా ఉంటే అంతమేరకు అవీ దేవుని మాటే."

"మొదటిదే లేదంటున్నారు. ఎంత దగ్గరో ఎలా తెలుస్తుందండీ?"

"ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ముఖ్యమైనదేదీ చెడిపోలేదు."

"నా కూతురు ముఖ్యం కాదా?"

పాస్టరు కళ్లజోడు తీశాడు. "ఈ కథ తర్వాత చేరిందని చాలామంది అంటారు. నిజంగా జరిగిందే, చేర్చడం ఆలస్యమైందని కొందరు. మొదటినుంచీ ఉందనేవాళ్లూ ఉన్నారు. నేను దీని మీద ఎన్నోసార్లు ప్రసంగించాను."

"అప్పుడు బ్రాకెట్ల మాట ఎత్తలేదేం?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"అయ్యగారూ," అన్నాడు బైండరు, "ఇది సగం పాతది, సగం కొత్తది, మధ్యలో నా జిగురు. ఇదిప్పుడు మొత్తం దేవుడిదేనా?"

"కుట్టు మటుకు నీది" అన్నాడు పాస్టరు. నవ్వబోయి, అక్క ముఖం చూసి మానేశాడు.

దారిలో బైండరు అన్నాడు, "క్షమించమని ఇంకా చాలా చోట్ల ఉందిగా. తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకుని తండ్రి చేర్చుకున్న కథ ఉంది."

"వాడు కొడుకురా" అంది అక్క.

బైండరు అక్కని ఇంటి దగ్గర దిగబెట్టి, వెళ్లి షాపు షట్టరు పూర్తిగా దించాడు. చూడకుండా కుట్టడం తప్పా, అసలు అక్క అంతకాలం అడుగున ఆ చిన్న అక్షరాలు లేని బైబిలు చదవడం తప్పా, ఆ రాత్రంతా తేల్చుకోలేకపోయాడు.

ఆదివారం మేనకోడల్ని బస్టాండు నుంచి తనే తీసుకొచ్చాడు. పిల్ల చిక్కిపోయింది. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. పక్కకు జరగలేదు, తలుపూ వెయ్యలేదు.

"అమ్మా, రమ్మన్నావట" అంది పిల్ల.

"అన్నాను." అక్క కొంగు నడుముకి దోపుకుంది. "అనొచ్చో లేదో నాకింకా తెలియలేదు. తెలిసేదాకా లోపల కూర్చో."

ఆమె వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు మొదలైంది, అవసరమైన దానికంటే గట్టిగా.

పిల్ల సంచీ దించకుండా గడపలోనే ఆగింది.

"ఏం తెలియాలి మావయ్యా? ఎవరు చెప్పాలి?"

బైండరు నోరు తెరిచాడు. మొదటినుంచీ చెబుదామనుకున్నాడు. మొదలెక్కడో దొరకలేదు.

"ముందు సంచీ ఇటివ్వు" అన్నాడు.