పిలక జొన్నలో చచ్చిన ఎద్దులు

రాష్ట్రం విడిపోయి నాలుగైదేళ్లయిన రోజులవి. ముద్దనూరుకు, జమ్మలమడుగుకు మధ్య ఒక పల్లెలో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఇల్లు ప్రొద్దుటూరులో. రోజూ స్కూటీ మీద వెళ్లివచ్చేదాన్ని. పశువుల డాక్టరంటే సూదులు వేయడం, ఈతలు చూడటం అనే చాలామంది అనుకుంటారు. చచ్చిన పశువు ఎందుకు చచ్చిందో చెప్పడం కూడా మా పనే. ఆ పని చేసినందుకు నా మీదికి రాళ్లు వచ్చిన కేసు ఇది.

అప్పటికి మా దారిలో ఒక సేన తయారై ఉంది. దాని పేరు రాయను, రాస్తే అదో ప్రచారం. మొదట కాషాయ కండువాలు వేసుకుని కొందరు కుర్రాళ్లు బైకుల మీద ఊరికే తిరిగేవాళ్లు. తర్వాత పశువుల బండ్లు ఆపడం మొదలుపెట్టారు. ఆపి, డ్రైవరు పేరు అడిగి, పేరును బట్టి కొట్టేవాళ్లు. కొడుతుండగా వీడియో తీసి ఫోన్లలో పంచేవాళ్లు. అదేం అన్యాయమని అడిగిన టీకొట్టు ముసలాయన్ను కూడా వదల్లేదు. వీళ్ల నాయకుడు చంద్రశేఖర్ ప్రొద్దుటూరులో ప్లాట్లు అమ్మేవాడు. నోరు తెరిస్తే గోరక్షణే కానీ, జన్మలో పేడ ఎత్తిన మనిషి కాదు. పెద్దవాళ్లు పక్కన నిలబడి ఫొటోలు దిగేసరికి వాడికి కొమ్ములు మొలిచాయి.

ఖాదర్‌బాషా పశువుల వ్యాపారి. సంతలో సేద్యపు ఎద్దులు కొని తొండూరు, లింగాల వైపు రైతులకు తెచ్చిచ్చేవాడు. ఒక సాయంత్రం ఎద్దులతో వస్తున్న ఆయన బండిని సేన ఆపింది. సంత రసీదులు చించేశారు. ఇనుప రాడ్డుతో కుడిచెయ్యి విరగ్గొట్టారు. ఆయన్ను పోలీసులకు అప్పగించి, ఎద్దులను మా పల్లె పక్కనున్న తమ షెడ్డుకు తోలుకుపోయారు.

మరునాడు పొద్దున షెడ్డు నుంచి నాకు ఫోను వచ్చింది. వెళ్లేసరికి కొన్ని ఎద్దులు చచ్చిపడి ఉన్నాయి. కొన్ని నోరు తెరిచి ఎగశ్వాస తీస్తూ కాళ్లు కొట్టుకుంటున్నాయి. చుట్టూ జనం. మధ్యలో చంద్రశేఖర్ ఫోను ముందు పెట్టుకుని లైవులో అరుస్తున్నాడు.

"మనకు దక్కకూడదని ఆ ఖాదర్‌బాషా ముందే మందు పెట్టినాడు. వాని ఇంటికి పోదాం పదండి!"

కొందరు అప్పుడే బైకులు తీస్తున్నారు. ఆ ఇంట్లో ఖాదర్‌బాషా భార్యా పిల్లలూ ఉన్నారు. ఆయన స్టేషన్లో ఉన్నాడు. నేను ఒక్కమాట తప్పుగా అన్నా ఆ ఇల్లు మిగలదని నాకు అర్థమైంది.

ముందు బతికున్న ఎద్దుల దగ్గరికి పరుగెత్తాను. ఆ శ్వాస చూడగానే అనుమానం వచ్చింది. సంచిలోంచి హైపో తీశాను. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్, సయనైడ్ విషానికి విరుగుడు. వేసవి వానలు పడ్డాక మా సీమలో పశువుల డాక్టరు ఇది లేకుండా బయటికి కదలకూడదు. దాన్ని నరానికి ఎక్కిస్తూనే అడిగాను.

"పొద్దున ఏం మేపినారు వీటికి?"

చంద్రశేఖర్ ఫోనును తన ముఖం వైపు ఇంకాస్త తిప్పుకున్నాడు. "మేపకుండా ఉంటామా మేడం? గోమాతలు శానా ఆకలిగొని ఉండాయని ఆ పక్క చేన్లో పచ్చజొన్నకు నేనే దగ్గరుండి తోలిస్తి. కడుపునిండా తినినాయి."

ఎద్దులను గోమాతలన్న ఘనుడికి జొన్న సంగతి ఏం తెలుస్తుంది? కానీ అక్కడున్న రైతులందరికీ తెలుసు. జొన్న కోసేశాక వాన పడితే మోళ్ల నుంచి పిలకలు వస్తాయి. చూడటానికి పచ్చగా కళకళలాడుతుంటాయి గానీ, ఆ లేత పిలకల్లో సయనైడ్ పుడుతుంది. దాన్నే మా వైపు నాము అంటారు. ఆకలి మీదున్న పశువు దాన్ని మేస్తే కాసేపట్లో పడిపోతుంది. అలాంటప్పుడు రైతులు ఆ చేను గట్టున కూడా పశువును నడిపించరు.

ఓబులేసు జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. గొర్రెలు కాచుకుంటూ ఈమధ్యే సేద్యంలోకి దిగినవాడు. చచ్చిన వాటిలో ఒక జత ఆయన ఖాదర్‌బాషాకు చెప్పి తెప్పించుకుంటున్నవే.

"పిలక జొన్నలోకి తోల్తివా? ఆయప్ప నా ఎద్దులు నాకు తెస్తాంటే చెయ్యి ఇరగ్గొట్టి, వాటిని ఈడికి తెచ్చి సంపితివి కదరా!"

చంద్రశేఖర్ లైవు ఆపేశాడు. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, మీరు విషం అని రాయండి, సాలు. ఎవురు పెట్టినారనేది మేం సూసుకుంటాం."

"అట్ల రాయను. పోస్ట్‌మార్టం ఈడే, అందరి ముందరే చేస్తా. నువ్వు గూడా నిలబడి చూడు" అన్నాను. బైకుల మీదున్న వాళ్లను కేకేశాను. "యాడికి పోతాండారు? దిగండి. చూసి పోండి."

చచ్చిన ఎద్దునొకదాన్ని కోసి రక్తం చూపించాను. మామూలుగా చచ్చిన పశువు రక్తం నల్లబడుతుంది. ఇది ఎర్రగా మెరుస్తోంది. రూమెన్, అంటే పెద్దపొట్ట, తెరిస్తే నెమరుకు కూడా రాని జొన్నాకు ముద్దలు ముద్దలుగా బయటపడింది, చేదు బాదం వాసన కొట్టింది. శాంపిళ్లు సీసాల్లో పెట్టి అక్కడే సీలు వేసి ల్యాబుకు పంపాను. బైకులు తీసినవాళ్లు ఒక్కొక్కరే దిగి స్టాండు వేశారు. ఖాదర్‌బాషా ఇంటికి ఆ రోజు ఎవరూ పోలేదు. హైపో అందిన ఎద్దులు మధ్యాహ్నానికి లేచి నిలబడ్డాయి.

తర్వాత ఒక పెద్దమనిషి ఫోను చేశాడు. "విషం, కారణం తెలియదు అని రాసి వదిలెయ్యమ్మా. నీకెందుకొచ్చిన గొడవ?" తెలిసినదాన్ని తెలియదని ఎందుకు రాయాలి అని అడిగాను. ఆయన ఫోను పెట్టేశాడు. రెండు రోజులకు ఆసుపత్రి కిటికీ మీద రాళ్లు పడ్డాయి. గాజు పెంకులు ఊడ్చేసి, అదే కుర్చీలో కూర్చుని, మేకపిల్లలకు నట్టల మందు తాగించాను. భయం వేయలేదా అంటే వేసింది. కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది.

ఖాదర్‌బాషా బయటికొచ్చి కేసు పెట్టాడు. రాజీ చేసుకోమని ఊరి పెద్దలు కూర్చోబెడితే, "ఇరిగింది నా చెయ్యి. నేను రాజీకి రాను" అని లేచి వెళ్లిపోయాడట. ఓబులేసు సాక్షిగా సంతకం పెట్టాడు. ఆయన్ను చూసి ఇంకొందరు రైతులు పెట్టారు. మరోసారి ముద్దనూరు దారిలో సేన బండి ఆపితే, వెనక ట్రాక్టరులో వస్తున్న రైతులు ముల్లుకర్రలతో దిగారు. వీడియో తీసే ధైర్యం కూడా లేక కుర్రాళ్లు పరుగో పరుగు. వాళ్లకు షెడ్డు ఇచ్చినాయన దానికి తాళం వేసుకున్నాడు. ఫొటోలు దిగిన పెద్దలు వాళ్లెవరో మాకు తెలియదన్నారు. అరెస్టులయ్యాక కండువాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

సాక్ష్యం వాయిదా దగ్గరపడుతుండగా, బెయిలు మీదున్న చంద్రశేఖర్ ఆసుపత్రికి వచ్చాడు. పల్లెలో వాళ్లమ్మ సాకుతున్న ఎనుము, అంటే గేదె, ఈనలేక అల్లాడుతోందట. వెంటనే వెళ్లాను. అడ్డం తిరిగిన దూడను సరిచేసి బయటికి లాగాను. తల్లీ దూడా బతికాయి. చేతులు కడుక్కుంటుంటే మెల్లగా అన్నాడు.

"పాతవి మనసులో పెట్టుకోవద్దండి మేడం. కోర్టుకు రాకుంటే సాలు. మీరు మనోళ్లే కదా."

"మనోళ్లు ఎవరో నాకు తెలుసప్పా. చెయ్యి ఇరిగినాయన మనోడు. ఎద్దులు పోయినాయన మనోడు. మీ అమ్మ మనమనిషే, ఈ ఎనుము గూడా మనదే. నువ్వు మాత్రం ముద్దాయివి."

ఎవరి పశువుకైనా వైద్యం చేయాలని మాకు చదువులోనే చెప్పారు. వైద్యం చేసినంత మాత్రాన మాట మార్చుకోనక్కర్లేదని ఈ కేసు నేర్పింది. కోర్టులో ప్రభుత్వ లాయరు అడిగాడు, "ఎద్దులను జొన్నలోకి తోలించానని మీతో అన్నది ఎవరు?" నేను బోనులో ఉన్నవాడి వైపు చెయ్యెత్తి చూపించాను. శిక్ష పడింది. అప్పీలుకు పోయాడు. పోనీ. ఎన్నిసార్లు పిలిచినా వెళ్తాను, ఈ చెయ్యే ఎత్తుతాను.