లేదనుకో

మా టీమ్‌లో ఆయన సీనియర్. జూలూరుపాడులో ఇంటి నుంచే పనిచేసేవాడు. చిప్‌లో ఏదైనా ఫీచర్ మొరాయిస్తే, కంప్యూటర్‌ని నడిపే కెర్నెల్ దాని జోలికి పోకుండా కోడ్ రాయడం మా పని. అచ్చయిపోయిన చిప్‌ని ఎవరూ బాగుచేయలేరు. "ఉన్నది గానీ, లేదనుకో" అనేవాడు ఆయన, అరచేత్తో గాలిలో ఏదో తుడిచేస్తూ.

ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ముందు దర్వాజలోంచి కాకుండా, వాకిట్లో ఆరబోసిన మిర్చి పక్కగా ఇంటి చుట్టూ తిప్పి, వంటగది గుమ్మంలోంచి తీసుకెళ్లాడు.

"అన్నా, ఆ దర్వాజ?"

"మా అన్న వాటాల పడ్డది. మాకు మాటల్లేవు. లేదనుకో."

అదే చెయ్యి, అదే తుడవడం.

టీ తాగుతూ కొత్త చిప్ సంగతి ఎత్తాను. మొరాయించిన ఫీచర్‌ని సరిదిద్ది పంపారు, పరీక్షల్లో ఎక్కడా ఆగలేదు, దాని జోలికి పోనివ్వని మన పాత కోడ్ తీసేద్దామా అన్నాను.

"ఒకసారి ఆగిపోయినదాన్ని మళ్ల ఎట్ల నమ్ముతవ్? ఉండనియ్."

అంతలో వాన దిగింది. ఇద్దరం పరుగున వెళ్లి మిర్చి మీద టార్పాలిన్ పట్టా కప్పుతుంటే, ముందు దర్వాజ తెరుచుకుంది. వాళ్లన్న గడపలో నిలబడ్డాడు.

"తడుస్తున్నవ్ చిన్నోడా. ఇట్లనే లోపలికి రా."

ఆయన చెయ్యి అలవాటుగా లేచింది, కానీ మొహం మీది నీళ్లు మాత్రమే తుడిచింది. కాసేపు దర్వాజ వైపే చూశాడు. తర్వాత తల దించుకుని ఇంటి చుట్టూ నడిచాడు. నేనూ వెనకే వెళ్లాను.

వంటగదిలో తల తుడుచుకుంటూ ఆయన చెవులు రిక్కించే ఉన్నాడు. ముందు దర్వాజ మూసిన చప్పుడు ఎంతసేపటికీ వినిపించలేదు.